నిప్పు ముట్టని చోటు

మైపాడు రోడ్డులో చర్చి మలుపు దగ్గర కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. అందులో పరంజ్యోతి ముఖం తలుపంత ఉంది. పాస్టరు గారి కొడుకు ఫ్రెడ్డీ కంప్యూటరు ముందు కూర్చుని తయారు చేశాడు దాన్ని. ముఖం వెనకాల మంటలు పెట్టాడు. మంటలు చాలవనుకున్నాడో ఏమో, ఎడమ చెంప మీద సున్నా చుట్టి దానికి ఎర్ర బాణం కూడా తగిలించాడు. కింద పసుపు అక్షరాలతో ‘దేవుడు చెయ్యి పెట్టిన చోటు’ అని వేయించాడు. ఆదివారం చర్చి వార్షికోత్సవం. సోదరి పరంజ్యోతి సాక్ష్యం చెబుతుంది, అందరూ రావాలి.

రొయ్యల కంపెనీ బస్సు ఆ మలుపులో ఎలాగూ నెమ్మదిస్తుంది. బస్సులో ఆడవాళ్లు కిటికీల్లోంచి తొంగి చూసి, అక్కా నువ్వే అన్నారు. పరంజ్యోతి చూసింది. అవును నేనే అంది. తర్వాత ఒళ్లో ఉన్న క్యారేజీ మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూసుకుంది. తన ముఖం స్తంభానికి వేలాడుతుంటే మనిషికి కోపమో సిగ్గో ఏదో ఒకటి రావాలి కదా. ఆమెకు ఏదీ రాలేదు. అలాంటివి రావడం మానేసి చాలా ఏళ్లయింది.

ఇందుకూరుపేట మండలంలో సముద్రం వైపున్న ఒక కాలనీలో ఆమె ఇల్లు. వయసు నలభై దాటింది. భర్త టైటస్ ఒకప్పుడు రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాడు, ఇప్పుడు ఐసూ మేత బస్తాలూ వేసుకుని ఆటో తోలుతున్నాడు. పరంజ్యోతి కంపెనీలో రొయ్యల తలలు తీసి పొట్టు ఒలుస్తుంది. రోజంతా చేతులు ఐసు నీళ్లలోనే. మధ్యాహ్నానికి వేళ్లు ఎవరివో అన్నట్టు ఉంటాయి. మిగతావాళ్లు ఆ చలిని తిట్టుకుంటారు. పరంజ్యోతి తిట్టుకోదు. ఆ కంపెనీలో ఆమెకు నచ్చిన సంగతి ఒకటుంది. లోపల అడుగు పెట్టిన ప్రతి మనిషీ తలకు టోపీ, మూతికి మాస్కు పెట్టుకోవాలి. కళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. వరసలో నిలబడితే అందరిలో తనూ ఒకతె. కొత్తగా చేరిన పిల్లలు ఆమెను నేరుగా చూసి మాట్లాడతారు, భోజనాల వేళ మాస్కు తీసేదాకా.

మాస్కు తీస్తే ఎడమ పక్కంతా కాలిన చర్మమే. కణత నుంచి మెడ దాకా ముడతలు పడి, మెరుస్తూ, ఒక చోట బిగుసుకుని ఒక చోట ఉబ్బి ఉంటుంది. చెవి సగమే మిగిలింది. అయితే చెంప మధ్యలో, దవడకు కాస్త పైన, అరచేయంత మేర చర్మం ఎప్పటిలాగే నున్నగా ఉంది. నిప్పు దాని చుట్టూ తిరిగి పోయిందే గాని దాన్ని ముట్టలేదు. దేవుడు చెయ్యి అడ్డం పెట్టాడని చర్చిలో అందరూ నమ్మేది ఆ చోటునే.

దేవుడి సంగతి దేవుడికే తెలియాలి. పరంజ్యోతికి తెలిసింది మాత్రం వేరు. అది ఆమె కూతురు షారోను చెంప ఆనిన చోటు.

అప్పట్లో వాళ్లు గుంటల కట్ట మీద తాటాకు షెడ్డులో ఉండేవాళ్లు. షారోనుకు కొత్తగా నడక వచ్చింది. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ అవతలి గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు చక్రం తిరగడం ఆగిపోతే టైటస్ చూడబోయాడు. పరంజ్యోతి బయట గిన్నెలు తోముతోంది. దోమల కోసం పెట్టిన పొగ కుంపట్లోంచి నిప్పురవ్వ లేచి తాటాకు మీద పడింది. సముద్రపు గాలి ఎలా ఉంటుందో ఆ పక్క వాళ్లకు చెప్పక్కర్లేదు. మూలన ఇంజను డీజిలు. ఆమె లోపలికి పరిగెత్తి, అంటుకున్న దోమతెర చింపి, బిడ్డను ఎత్తుకుని, చెంపకు చెంప అదిమిపెట్టుకుని బయటికి వస్తుండగా కప్పు వాళ్ల మీద పడింది. అయినా వచ్చింది. ఇద్దరూ బయటపడ్డారు. ఈ మాట ఎవరూ చెప్పరు. ఇద్దరూ బయటపడ్డారు, నెల్లూరు ఆసుపత్రిలో తెల్లవారేసరికి ఒకరే మిగిలారు.

పాపను సమాధి చేసిన నాడు పరంజ్యోతి ముఖమంతా కట్లతో ఆసుపత్రి మంచం మీద ఉంది. పెట్టె చుట్టూ అందరూ నిలబడి తీయించుకునే ఫోటోలో తల్లి లేదు. ఆ ఫోటోను ఆమె ఇంతవరకూ చూడలేదు. టైటస్ ఎక్కడ దాచాడో అడగనూ లేదు.

కట్లు విప్పిన రోజు పాస్టరు గారి భార్య పక్కనే ఉంది. చర్చిలో అందరూ అమ్మగారని పిలుస్తారు. ఆ నున్నటి చోటు చూసి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. దేవుడు ఇక్కడ చెయ్యి పెట్టినాడు, చూడండి చూడండి అని నర్సులను కూడా పిలిచింది. ఆమెది వెన్నలాంటి మనసు, ఆ మాట ప్రేమతోనే అంది. పరంజ్యోతి అప్పటికి పెదవులు కదపలేదు. కాదని చెప్పడానికి నోరు లేదు. నోరు పెగిలే నాటికి ఆ మాట చర్చి దాటి, మండలం దాటి, మనుబోలు కూడికల్లో కూడా చెప్పుకునేదాకా పోయింది. నోరు వచ్చాక పిలిచి మైకు చేతికిచ్చారు. ఏం చెప్పాలో వాళ్లే చెప్పారు. అగ్నిలో నుంచి దేవుడు నన్ను తీసినాడు, ఇదిగో ఆయన చేతి గుర్తు. అందరూ స్తోత్రం అన్నారు.

అందులో షారోను లేదు. తల్లి ఏడుస్తుందని మొదట్లో జాలితో ఆ పేరు తీయడం మానేశారు. తర్వాత అలవాటుగా మానేశారు. ఇప్పుడు చర్చిలో సగం మందికి అలాంటి పిల్ల ఒకతి ఉండేదని కూడా తెలియదు. పరంజ్యోతి ఏటా అదే సాక్ష్యం చెబుతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ముఖం వెలుగు వైపు తిప్పాలో ఆమెకు వచ్చు. చెబుతున్నంతసేపూ ఆమె ఆలోచన రేపటి కూర మీదో బస్సు వేళ మీదో ఉంటుంది. కూడిక అయ్యాక జనం నూనె సీసాలతో వస్తారు. పరీక్షలు రాసే పిల్లలు, పిల్లల్లేని కోడళ్లు, నడుం నొప్పి ముసలమ్మలు ఆ చోట వేలు పెట్టి నూనె రాసి కళ్లకద్దుకుంటారు. ఆమె బల్ల మీద కూర్చుని రాయించుకుంటుంది.

ఇలా ఇంకెన్నేళ్లు జరిగేదో గాని, మొన్న ఈస్టరు కూడికల్లో ఒకామె పసిబిడ్డను తెచ్చింది. బిడ్డకు జ్వరం. తల్లి నూనెతో ఆగలేదు, బిడ్డను ఎత్తి ఆ పసి చెంపను తీసుకొచ్చి పరంజ్యోతి చెంపకు ఆనించింది. సరిగ్గా అక్కడే. వేడిగా, కొంచెం తడిగా ఉన్న చెంప. పరంజ్యోతి అరవలేదు, ఏడవలేదు. స్తోత్రం తల్లీ అంది. ఇంటికొచ్చి అన్నం వండింది. పొయ్యి ఆపాక ఫోను తీసి అబిగయీలుకు చేసింది.

అబిగయీలు ఆమె తమ్ముడు కిషోర్ బాబు భార్య. నెల్లూరులో ఒక చర్మం క్లినిక్కులో పని చేస్తుంది. పెళ్లయి వచ్చి మూడేళ్లు కాలేదు కాబట్టి పాత సంగతులు పెద్దగా తెలియవు. వదినా, నీ ముఖానికి ఏదో ఒకటి చేయించుకోరాదా అని ఎప్పటి నుంచో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆ రోజు వదినే అడిగేసరికి, ఖర్చు మాట ఎత్తొద్దు నువ్వు వచ్చేసెయ్ అంది.

క్లినిక్కు గోడల నిండా ఒలిచిన కోడిగుడ్డు లాంటి ముఖాలు. అందులో ఒక్కరి ముఖం కూడా ఈ జిల్లాలో ఎండలో తిరిగే ముఖం కాదు. ఎదురుగా కుర్చీల్లో పెళ్లి కుదిరిన పిల్లలు, మొటిమల గుంతలున్న కుర్రాళ్లు. పరంజ్యోతి పైట కొంగు చెంప మీదికి లాక్కుని కూర్చుంటే అందరూ ఫోన్లలోకి చూసే వంకతో ఆమెనే చూశారు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, నెమ్మదస్తురాలు. దూదితో ముఖం మీద అక్కడక్కడా తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. కణత మీద తెలియడం లేదు. దవడ మీద లేదు. మెడ మీద ఎక్కడో దూరంగా ఏదో తగిలినట్టుంది. చెంప మధ్యకు వచ్చేసరికి, ఆ, అక్కడ తెలస్తాంది అంది పరంజ్యోతి. ముఖంలో ఆ పక్క స్పర్శ ఉన్నది ఆ ఒక్క చోటే. అది ఆమెకు ముందే తెలుసు. పడుకునేటప్పుడు ఆ పక్కకే తిరిగి, ఆ చోటు దిండుకు తగిలేలా పెట్టుకునే అలవాటు ఆమెకు ఉంది.

డాక్టరమ్మ ఓపికగా విడమరచి చెప్పింది. పీల్ అని మందు పూసి పైపొర ఊడదీసే పద్ధతి ఒకటుంది, అది ఈ ముఖానికి పనికిరాదు, పెచ్చులూడిన గోడకు సున్నం కొట్టినట్టే. వెనకటి రోజుల్లో యంత్రంతో గీకి తీసేవాళ్లు, మన రంగు చర్మానికి అది మంచిది కాదు, తను చేయదు. మిగిలినవి రెండు. ఒకటి సన్న సూదుల పద్ధతి. సూదులతో పొడుస్తూ పోతే లోపల కొత్త చర్మం మెల్లగా పుడుతుంది. నెలల తరబడి తిరగాలి. బిగుసుకున్నది మెత్తబడుతుంది, ఉబ్బు తగ్గుతుంది, కానీ కాలిన చోటుకూ కాలని చోటుకూ మధ్య గీత అలాగే ఉండిపోతుంది. రెండోది లేజరు. గట్టిది, త్వరగా తేలుతుంది. కొన్నాళ్లు ముఖం ఎర్రగా కమిలి ఉంటుంది, ఎండలో అడుగు పెట్టకూడదు, జాగ్రత్త తప్పితే నల్ల మచ్చలు పడొచ్చు.

“లేజరులో ఇంకో లాభం ఉందమ్మా. ఈ బాగున్న చోట కూడా పైపైన ఒకసారి పోనిస్తాను. అప్పుడు అంచులు చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోతాయి. ఇది ఇక్కడ మొదలైందీ ఇక్కడ అయిపోయిందీ అని ఎవరూ చెప్పలేరు” అంది డాక్టరమ్మ.

ఆ మాట అంటూ ఆ చోటు చుట్టూ వేలితో గీసి చూపించింది. ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మంది.

ఆలోచించడమంటే పరంజ్యోతికి పెద్ద పని. కంపెనీలో రొయ్యలు ఒలుస్తూ ఆలోచించింది. గీత పోతే దేవుడి చెయ్యి పోతుంది. చెయ్యి పోతే సాక్ష్యం లేదు, నూనె సీసాలు లేవు, జ్వరాల బిడ్డలు లేరు. స్తంభానికి వేలాడే పని తప్పుతుంది. ఇంత సుఖం ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ ఆ చెయ్యి పోతే దాని కింద ఉన్న చెంప కూడా పోతుంది. షారోను ఉండిందనడానికి షెడ్డులో ఏ గుడ్డా మిగల్లేదు, ఏ గాజూ మిగల్లేదు. మిగిలింది ఈ అరచేయంత చర్మం. సూదుల పద్ధతి పెట్టుకుంటే చెంప ఉంటుంది, దాని మీద దేవుడి చెయ్యి కూడా ఉంటుంది. రెండిట్లో ఏది కావాలని మనసును అడిగితే అది బదులు చెప్పలేదు. ఐసు నీళ్లలో వేళ్లలాగే ఉంది అది కూడా.

ఆ వారంలోనే పాస్టరు గారు ఇంటికొచ్చారు. క్లినిక్కు సంగతి ఎవరో చేరవేశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆసుపత్రిలో టైటస్ పక్కన రాత్రులు కూర్చున్నదీ, పెట్టె చేయించిందీ, ఈ ఇల్లు రావడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఆయనే. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, చాలాసేపు వానల సంగతి మాట్లాడి, చివరికి అసలు మాటకొచ్చారు.

“వైద్యం చేయించుకోబాకని నేను అనను తల్లీ. ఆ ఒక్క చోటు మాత్రం పోనీబాక. అది నీ ఒక్కదానిదే కాదు గదా, సంఘానిది.”

సరే అయ్యగారూ అంది పరంజ్యోతి. ఆయన ప్రార్థన చేసి, ఆ చోట బొటనవేలు ఆనించి, వెళ్లిపోయారు. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఒక నిర్ణయానికి వచ్చేసినట్టు. సంఘానిదైతే సంఘం ముందే పోనీ. శుక్రవారం కంపెనీకి సెలవు పెట్టి లేజరుకు పోవాలి. ఆదివారం నాటికి ముఖమంతా ఒకేలా కమిలి ఉంటుంది, ఫ్రెడ్డీ తన బాణాన్ని ఎక్కడ గుచ్చుకుంటాడో గుచ్చుకోనీ.

టైటస్‌కు చెప్పింది. నీ ఇష్టం మే అన్నాడు. ఆటో కడగడానికి బకెట్టు తీసుకుని బయటికి పోయాడు. అప్పుడే కడిగిన ఆటోను ఆ మనిషి మళ్లీ కడిగాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకోరు. పోట్లాడుకోవడానికి కూడా ఒకరి ముఖం ఒకరు చూడాలి.

శుక్రవారం అబిగయీలే గదిలోకి తీసుకుపోయి పడుకోబెట్టింది. మొదట మొద్దుబారే క్రీము రాయాలి, నొప్పి తెలియకుండా ఉండటానికి. తెల్లటి క్రీము మందంగా ముఖం మీద పరిచి, పైన పల్చని ప్లాస్టిక్కు కాగితం అతికించింది. కాలిన చోట దీంతో నీకు పన్లేదు గాని వదినా, ఈ బాగున్న చోట మాత్రం చుర్రుమంటుంది, ఇక్కడ ఎక్కువ రాస్తాను అంది. రాసి, ఏసీ తగ్గించి, బయటికి పోయింది.

పరంజ్యోతి పైకప్పు చూస్తూ పడుకుంది. గది చల్లగా ఉంది. ఏమీ అనిపించలేదు. లేజరుకు భయపడతారని అబిగయీలు చెప్పింది గాని భయమూ లేదు. కాసేపటికి అలవాటు కొద్దీ ఎడమ పక్కకు తిరిగింది. చెంప దిండుకు ఆనింది.

దిండు లేదు. అంటే దిండు ఉంది, తగల్లేదు. ఆమె తల కొంచెం ఎత్తి మళ్లీ ఆనించింది. లేదు. కాగితం మీదుగా వేళ్లతో నొక్కింది. చర్మం నొక్కుకుంటున్నట్టు వేళ్లకు తెలుస్తోంది, చెంపకు తెలియడం లేదు. గోటితో నొక్కింది. ఏమీ లేదు. కణత ఎలా ఉందో, దవడ ఎలా ఉందో, అదీ అలాగే అయిపోయింది. ఇన్నేళ్లూ ఏ రాత్రి తిరిగినా అక్కడ ఉన్నది, ఇప్పుడు లేదు.

లేచి కూర్చుంది. కాగితం పీకేసింది. క్రీమును పైట కొంగుతో తుడిచింది, అది పోక ఇంకా పులుముకుంది. గొంతులోంచి ఏదో శబ్దం వస్తోంది, అది తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు. అబిగయీలు పరిగెత్తుకుంటూ వచ్చింది.

“తుడిచెయ్యే దీన్ని. పోయింది. తెలవడంల్యా నాకు, తెలవడంల్యా” అంది పరంజ్యోతి.

అది క్రీము వదినా, గంటలో వదిలిపోతుంది అని అబిగయీలు ఎంత చెప్పినా వినలేదు. నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి, చంటిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచిందా పిల్ల. ఏముంది వదినా అక్కడ అని అడిగింది. పరంజ్యోతి చెప్పింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. షెడ్డు, దోమతెర, చెంపకు చెంప. షారోను అనే పేరు నోటితో పలికి ఎన్నాళ్లయిందో, మొదటిసారి సరిగా పలకలేక మళ్లీ పలికింది. అబిగయీలు తడి గుడ్డతోనే పోయి డాక్టరమ్మను పిలిచింది.

డాక్టరమ్మ వచ్చి విని, లేజరు గది దీపం ఆర్పించింది. వచ్చే వారం నుంచి సూదులు మొదలుపెడదాం అంది. నెలలు పడుతుందని మళ్లీ చెప్పింది. తెల్ల పెన్సిలు తీసుకుని, అద్దం పరంజ్యోతి చేతికిచ్చి, నేను ఎక్కడ ఆగాలో నువ్వే గీసి చూపించమ్మా అంది. పరంజ్యోతి గీసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ చోటును వేలితో నొక్కుతూనే ఉంది. ఇందుకూరుపేట దగ్గరికి వచ్చేసరికి చీమలు పాకినట్టు మొదలైంది. ఇంకాసేపటికి గాలి తగిలింది. పక్కన కూర్చున్న ముసలామె, పంటి నొప్పా అమ్మా అని అడిగింది. అవునంది పరంజ్యోతి. ఏడుస్తున్నానని అప్పుడు చూసుకుంది.

ఆదివారం చర్చి నిండిపోయింది, బయట షామియానా కింద కూడా కుర్చీలు వేశారు. ఫ్రెడ్డీ ఫోను స్టాండుకు బిగించి ముందు వరసలో కూర్చున్నాడు. పాటలయ్యాక పాస్టరు గారు ఆమెను పిలిచి, ఆ చోటు పదిలంగా ఉండటం చూసి సంతోషపడి, మైకు ఇచ్చారు. టైటస్ ఎప్పటిలాగే మగవాళ్ల వైపు చివరి వరసలో, తలుపు దగ్గర ఉన్నాడు. పరంజ్యోతి ముఖం వెలుగు వైపు తిప్పింది. అది అలవాటు. తర్వాత మాట అలవాటైనది కాదు.

“ఇది దేవుడి చెయ్యి కాదు. నా బిడ్డ చెంప. షారోను దాని పేరు. దాన్ని ఇట్టా ఎత్తుకొని వచ్చినా నిప్పులోంచి. దాని చెంప ఉండబట్టి ఇక్కడ కాల్లేదు. దేవుడు చెయ్యి పెట్టినాడో లేదో నాకు తెలవదు. పెట్టుంటే, పెట్టాల్సింది నా మీద కాదు.”

స్తోత్రం అనడానికి నోళ్లు తెరిచిన వాళ్లు తెరిచినట్టే ఉండిపోయారు. ఆమె మైకు బల్ల మీద పెట్టి దిగి వచ్చింది. పాస్టరు గారు లేచి ప్రార్థన చేద్దాం అన్నారు. కళ్లు మూసుకున్నారు. ప్రార్థన రాలేదు. మళ్లీ కూర్చున్నారు. అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చివరికి ఎవరో ముసలాయన పాట ఎత్తుకుంటే అందరూ బతికామన్నట్టు అందుకున్నారు. ఆ రోజు నూనె సీసాలు తెచ్చుకున్న వాళ్లు వాటిని సంచుల్లోంచి తీయలేదు. పరంజ్యోతికి వాళ్ల మీద కోపం లేదు. గుండెల్లో మాత్రం నొప్పి ఉంది, అది కొత్తది కాదు, ఎప్పుడో రావలసింది ఇప్పుడు వచ్చింది.

ఆరాధన ముగిశాక టైటస్ ఆటో తెచ్చాడు. ఆమె ముందు సీట్లో అతని పక్కన సర్దుకుని కూర్చుంది. ఫ్లెక్సీ ఉన్న మలుపు దాటారు. ఇద్దరూ దాని వైపు చూడలేదు. రొయ్యల గుంటలు మొదలయ్యే చోట, ఎండలో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటే, టైటస్ ఆటో పక్కకు తీసి ఇంజను ఆపాడు. స్టీరింగు మీదే చూస్తూ కూర్చున్నాడు.

“ఎడం చెంప గదా మే” అన్నాడు.

“ఏంది?”

“పాపది. నీ ఎడం చెంపకు ఆనింది దాని ఎడం చెంప గదా. పెట్టెలో పెట్టినప్పుడు చూసినా నేను. అంతా కాలిపోయిండాది. ఎడం చెంప మాత్రం ఇంత మేర, అట్టనే ఉండాది, నిద్రపోయినప్పుడు ఉన్నట్టు. ఎందుకు కాల్లేదో నాకు అర్థం కాలా. ఇన్నాళ్లూ ఎవరినీ అడగలా.”

పరంజ్యోతి అతని చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసింది. డీజిలు వాసన, కాయలు కాసిన అరచెయ్యి. దాన్ని తెచ్చి తన ఎడమ చెంప మీద పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆ చేతి వేడి అంతా ఆమెకు తెలిసింది.